సెన్సర్ కూస్తూనే ఉంది, మా నాయన గేటు పిల్లర్‌కు గుద్దేశాడు. ఆటో బ్రేక్ ఉన్న బండికి మారాలా?

పానగల్లు పోరడు (నల్గొండ) | ఆదివారం, ఉదయం 9:12

అన్నలకు, అక్కలకు నమస్తే. మా నాయనకు 64 ఏళ్లు. ముప్పై ఏళ్లు గేర్ల బండి నడిపిన మనిషి, మోకాళ్ల నొప్పులని పోయినేడు ఆటోమేటిక్ కారు కొనిచ్చాను. మొన్న శుక్రవారం సాయంత్రం ప్రకాశం బజార్ నుంచి సామాన్లు తెచ్చి, బండి రివర్స్‌లో ఇంట్లోకి పెడుతూ గేటు పిల్లర్‌కు గుద్దాడు. వేగం ఏమీ లేదు, మనిషి నడిచినంతే. అంతమాత్రానికే వెనక బంపర్ పగిలింది, డిక్కీ డోరు మూలకు సొట్ట పడింది, ఎడమ పక్క లైటు పోయింది.

నాకు అర్థం కానిది ఒకటే. వెనక ఏదైనా దగ్గరికి వస్తే కూసే పార్కింగ్ సెన్సర్ పని చేస్తోంది. టీ... అని ఒకటే కూత, వంటింట్లో ఉన్న అమ్మకే వినపడింది. అయినా గుద్దాడు. అడిగితే "కూస్తే కూసింది, అది రోజూ కూస్తది" అన్నాడు, ఇగ ఏమనాలి.

చెల్లెలేమో ఈ బండి అమ్మేసి అడాస్ (డ్రైవర్‌కు సాయం చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు) ఉన్న టాప్ మోడల్ తీసుకో, అది తనంతట తానే బ్రేక్ వేస్తుంది అంటోంది. తేడా లక్షల్లో ఉంది. వాడినవాళ్లు చెప్పండి, ఇంటి దగ్గర ఇలాంటి చిన్న గుద్దులను అది నిజంగా ఆపుతుందా?

మిర్యాలగూడ లారీ | ఆదివారం, ఉదయం 9:40

తమ్మీ, 22 ఏళ్లుగా లారీ నడుపుతున్నా. రైస్ మిల్లులో లోడు దించడానికి వెనక్కి పెట్టాలంటే ఒక పక్క గోడ, ఒక పక్క ఇంకో లారీ, మధ్యలో బెత్తెడు సందు. మా సెన్సర్ పేరు క్లీనర్. "రానీ రానీ రానీ..." అంటాడు, బాడీ మీద రెండు దెబ్బలు కొడితే ఆగాలి, అంతే. ఈ టీటీ సంగీతం వచ్చినంక మెడ తిప్పి చూసుడు మర్చిపోయారు జనం. లక్షలు పెట్టి కొత్త బండి ఎందుకు, రివర్స్ పెట్టేటప్పుడు నువ్వు వెనక నిలబడు.

పానగల్లు పోరడు | ఆదివారం, ఉదయం 9:48

అన్నా, నేను పొద్దున ఏడింటికి డ్యూటీకి పోతే రాత్రికి వస్తా. నాయనకు క్లీనర్‌ను ఎక్కడ తేవాలి 😀

జడ్చర్ల టీచరమ్మ | ఆదివారం, ఉదయం 10:25

ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని, కాబట్టి కొంచెం లెక్క చెప్తాను, ఓపిక పట్టండి.

బంపర్ మీద గుండ్రంగా బొత్తాముల్లా ఉండే సెన్సర్లు చేసే పని బావిలోకి తొంగిచూసి కేకేసి, ఆ కేక తిరిగి వచ్చేదాకా వినడం లాంటిదే. మన చెవికి అందనంత సన్నని శబ్దం, 40 కిలోహెర్ట్జ్‌కు అటూ ఇటూ. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, కాబట్టి గోడ మీటరు దూరంలో ఉంటే కేక పోయి తిరిగి రావడానికి ఆరు మిల్లీసెకన్లు చాలు. కొలవడంలో ఆలస్యం ఏమీ లేదన్నమాట. ఆలస్యమంతా మన దగ్గరే ఉంది.

చూడండి. మామూలు సెన్సర్ మీటరున్నర దూరం నుంచి కూయడం మొదలుపెడుతుంది అనుకుందాం. మనిషి నడిచినంత అంటే గంటకు 5 కిలోమీటర్లు, అంటే సెకనుకు 1.4 మీటర్లు. కూత విని, అది దేని గురించో అర్థమై, కాలు బ్రేక్ మీదికి పోవడానికి ఒక సెకను పట్టింది అనుకుంటే ఆ సెకనులోనే 1.4 మీటర్లు అయిపోయాయి. మిగిలింది పది సెంటీమీటర్లు. బ్రేక్ పట్టాక బండి నిలవడానికి ఇంకో పదిహేను సెంటీమీటర్లన్నా కావాలి. గుద్దుకున్నట్టే. అదే బండి గంటకు 3 కిలోమీటర్లతో వస్తే సెకనుకు 83 సెంటీమీటర్లే, అర మీటరుకు పైగా మిగిలి ఉండగానే ఆగిపోతుంది. 5కీ 3కీ తేడా స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు, రెండూ మెల్లగానే అనిపిస్తాయి.

బ్రేక్ వేసే మెషీన్ వల్ల లాభం ఆ ఒక్క సెకను. దానికి సెకనులో చిన్న ముక్క చాలు.

మిర్యాలగూడ లారీ | ఆదివారం, ఉదయం 10:41

నేను చెప్పింది కూడా అదే కదా మేడమ్, మెల్లగా పెట్టుమని. మీరు లెక్కేసి చెప్పారు, మా క్లీనర్ బాడీ మీద కొట్టి చెప్తాడు.

సొట్టల డాక్టర్ (మెట్టుగడ్డ, పాలమూరు) | ఆదివారం, మధ్యాహ్నం 1:05

డెంటింగ్ పెయింటింగ్ షాపు నాది. సెన్సర్ ఉండి కూడా గుద్దుకుని వచ్చిన బండ్లు నా దగ్గర ఎన్నో. అవి గుద్దినవి చూస్తే నాకైతే ఆశ్చర్యం ఏమీ లేదు. కరెంటు స్తంభానికి పక్కన ఏటవాలుగా కట్టిన స్టే వైరు, సన్నటి ఇనుప పైపు, షాపుల ముందు కట్టే గొలుసు, ఇవి సన్నగా ఉంటాయి కాబట్టి కేక తిరిగి రాదు. కల్లం కాడ వడ్లు రోడ్డు మీద పోసి చుట్టూ పెట్టే రాళ్లు బంపర్ కంటే కిందికి ఉంటాయి, అవి దానికి కనపడవు. దానికంటే పెద్ద తమాషా లారీల వెనక. లారీ బాడీ ఎత్తులో ఉంటుంది, బంపర్ సెన్సర్ దాని కిందికి చూసి ఖాళీ అనుకుంటుంది, పైన డిక్కీ అద్దం పోయి లారీ డాలాకు తగులుతుంది. సీకుల లోడు ట్రాక్టర్ అయితే ఇంకా చెప్పొద్దు.

ఇంకో సంగతి, కంపెనీ నుంచి వచ్చినవి వేరు, బయట బిగించినవి వేరు. 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనక సెన్సర్ తప్పనిసరి చేశారు కాబట్టి దాని తర్వాత బండ్లకు సమస్య తక్కువ. పాతవాటికి బయట కిట్టు బిగించేటప్పుడు 22 మిల్లీమీటర్ల బిట్‌తో బంపర్‌కు రంధ్రం వేస్తారు. సెన్సర్ వెనక పైకి ఏ పక్క ఉండాలో గుర్తు ఉంటుంది, అది చూడకుండా తలకిందులుగా పెట్టేవాళ్లను చూశాను. అప్పుడు అది నేలను చూసి పొద్దస్తమానం కూస్తుంది. మరీ కిందికి బిగించినా అంతే. బంపర్‌కు రంగు వేసేటప్పుడు సెన్సర్ విప్పకుండా దాని మీదే మందంగా రంగు కొట్టినా చెవిటిది అవుతుంది.

ఇక దసరా అయిన తెల్లారి ఫోన్లు. "అన్నా సెన్సర్ ఆగట్లేదు, ఒకటే మోత." పోయి చూస్తే బంపర్‌కు కట్టిన నిమ్మకాయలు మిరపకాయల దండ సరిగ్గా సెన్సర్ ముందు ఊగుతుంటుంది. తీసేస్తే పావు నిమిషంలో రిపేరు అయిపోతుంది. డబ్బులు అడగను, కానీ చాయ్ తాగే వస్తాను.

తమ్మీ నీ బండి ఏ పక్క గుద్దింది? ఎడమ మూలా? మధ్యలోనా?

పానగల్లు పోరడు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఎడమ మూల అన్నా. స్టీరింగ్ తిప్పుతూ లోపలికి తెస్తున్నప్పుడు. నిమ్మకాయలు ముందు పక్కనే కట్టాం, వెనక లేవు.

హైవే 65 (సూర్యాపేట) | ఆదివారం, సాయంత్రం 6:20

వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి వస్తాను, అడాస్ ఉన్న బండి తీసుకుని ఏడాదిన్నర. నా అనుభవం చెప్తా.

ముందుకు పోయేటప్పుడు ఆటో బ్రేక్ విలువైనదే, అందులో అనుమానం లేదు. పంతంగి టోల్ దగ్గర క్యూలో ఫోన్ మోగింది, అటు చూశాను, ముందున్న కారు టక్కున ఆగింది. నేను తల ఎత్తేలోపు బండి దానంతట అదే గట్టిగా పట్టేసింది, సీటు బెల్టు ఛాతీకి బిగుసుకుంది, పక్క సీటులో టిఫిన్ డబ్బా కింద పడింది. మధ్య జానెడు సందు మిగిలింది. ఆ రోజు అది లేకపోతే ముందువాడితో టోల్ కాడ పంచాయితీనే.

ఒకటి జాగ్రత్త. అలా ఆపిన తర్వాత అది ఎంతోసేపు పట్టి ఉంచదు, ఒకటి రెండు సెకన్లే. మనం బ్రేక్ తొక్కకపోతే ఆటోమేటిక్ బండి మళ్లీ మెల్లగా కదులుతుంది. షోరూమ్‌లో ఎవరూ చెప్పలేదు, మాన్యువల్ చదివి తెలుసుకున్నా.

ఇక నీ ప్రశ్నకు. ఈ బ్రేక్ ముందు చూసేదే, బంపర్ దగ్గర రాడార్, అద్దం పైన కెమెరా. రివర్స్‌లో వెనక గోడ వస్తే బ్రేక్ వేసేది వేరే ఏర్పాటు. నా బండిలో అది లేదు. మన దగ్గర అడాస్ అని అమ్మే చాలా బండ్లలో వెనక నుంచి అడ్డంగా ఎవరైనా వస్తే హెచ్చరించడం మాత్రమే ఉంటుంది, బ్రేక్ వేయదు. కాబట్టి మీ చెల్లెలు చెప్పిన బండి కొన్నా మీ గేటు పిల్లర్ కథ మారకపోవచ్చు. కొనేముందు "రివర్స్‌లో బ్రేక్ వేస్తుందా" అని విడిగా అడుగు, ఊరికే "అడాస్ ఉందా" అంటే అందరూ ఉందనే చెప్తారు.

పానగల్లు పోరడు | ఆదివారం, సాయంత్రం 6:34

ఓర్నీ. నేను అడాస్ అంటే అన్ని పక్కలా పట్టేస్తుంది అనుకున్నా. మంచి మాట చెప్పావు అన్నా.

జడ్చర్ల టీచరమ్మ | ఆదివారం, రాత్రి 8:15

హైవే గారు చెప్పిన తేడా చాలా ముఖ్యం. ఈ తక్కువ వేగం బ్రేక్ ముచ్చట కొత్తదేం కాదు, 2008లో వోల్వో వాళ్లు ఎక్స్‌సీ60లో సిటీ సేఫ్టీ అని పెట్టారు. గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగంలో లేజర్‌తో ముందు బండిని చూసేది. రెండు బండ్ల వేగాల మధ్య తేడా 15 లోపు ఉంటే గుద్దుకోకుండానే ఆపగలదు, అంతకు మించితే దెబ్బ తగ్గిస్తుంది. అదీ ముందుకే.

వెనక విషయంలో అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే ఇన్సూరెన్స్ వాళ్ల పరిశోధన సంస్థ లెక్క తీసింది. రివర్స్‌లో జరిగే గుద్దులు కెమెరా వల్ల 17 శాతం, సెన్సర్ కూత వల్ల 28 శాతం తగ్గాయట. కెమెరా, సెన్సర్లతో పాటు బ్రేక్ కూడా వేసే బండ్లలో 78 శాతం తగ్గాయి. నేను పొద్దున చెప్పిన ఒక్క సెకను విలువ అదే.

గద్వాల గడుసరి | ఆదివారం, రాత్రి 9:02

టీచర్ గారూ, కెమెరా వల్ల 17 శాతమేనా? నేనైతే కెమెరా లేకుండా బండి కదపను. మా వాడకట్టులో పిల్లలు బండి వెనక కూర్చుని గోలీలాడతారు, అద్దాల్లో అస్సలు కనపడరు. కూత వస్తే అది గోడ కోసమా పిల్లగాడి కోసమా తెలియదు, కెమెరాలో తెలుస్తుంది. కాకపోతే మా ఎర్రమట్టి దుమ్ముకు రెండు రోజులకోసారి లెన్స్ తుడవాలి, వాన పడితే చుక్కలు నిలుస్తాయి, సాయంత్రం ఎండ ఎదురుగా పడితే తెల్లగా తప్ప ఏమీ ఉండదు. చీర కొంగుతో తుడుస్తానని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

జడ్చర్ల టీచరమ్మ | ఆదివారం, రాత్రి 9:10

మీరు చూస్తున్నారు కాబట్టి మీకు పని చేస్తోందమ్మా. కెమెరా ఉన్నా చూడనివాళ్లు ఉంటారు, వాళ్లనూ కలిపి తీసిన లెక్క ఆ 17.

పాలసీ పంతులు (దేవరకొండ) | సోమవారం, ఉదయం 7:50

ఇన్సూరెన్స్ మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. తమ్ముడూ, క్లెయిమ్ వేసే ముందు షాపులో అంచనా రాయించుకో. క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50. ఇది మన బండి డ్యామేజీకి కట్టే ప్రీమియం మీద తగ్గింపు, ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా. జీరో డెప్ (పార్టుల ధరలో తరుగు కోయని పాలసీ) లేకపోతే ప్లాస్టిక్ బంపర్ ధరలో సగం నీ మీదే పడుతుంది. దాని మీద ప్రతి క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సిన తప్పనిసరి కోత, ఇంజిన్ 1500 సీసీ వరకు వెయ్యి రూపాయలు, పైన అయితే రెండు వేలు. చిన్న సొట్టకు చేతి నుంచి పెట్టుకోవడమే లాభం చాలాసార్లు.

అన్నట్టు, బండి అమ్మినా బోనస్ నీదే, కొనేవాడిది కాదు. కొత్త బండికి మార్చుకోవచ్చు. చాలామంది ఇది తెలియక వదిలేస్తారు.

సొట్టల డాక్టర్ | సోమవారం, ఉదయం 9:30

పంతులు నా గిరాకీ పెంచుతున్నాడు 😀

మిర్యాలగూడ లారీ | సోమవారం, ఉదయం 10:15

ఒక అనుమానం. ఆటోమేటిక్ బండి అన్నావు కదా. నాయన బ్రేక్ అనుకుని రేస్ తొక్కాడేమో? మా ఊర్లో ఒకాయన అట్లనే పాన్ డబ్బా మీదికి ఎక్కించాడు.

హైవే 65 | సోమవారం, ఉదయం 10:40

మంచి ప్రశ్న. అదే అయితే ఆటో బ్రేక్ కూడా పూర్తి కాపలా కాదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే డ్రైవర్ కావాలనే పోతున్నాడని చాలా బండ్లు బ్రేక్ వదిలేస్తాయి. ఇంకా ఐక్యరాజ్య సమితి నిబంధన 152 అని ఆటో బ్రేక్‌కు ఒకటి ఉంది, అందులో కార్ల విషయంలో గంటకు 10 నుంచి 60 కిలోమీటర్ల మధ్య పని చేసి తీరాలని ఉంది. 10 కంటే తక్కువలో ఎలా ఉంటుందనేది ఏ బండికి ఆ బండే.

పానగల్లు పోరడు | సోమవారం, మధ్యాహ్నం 2:05

రేస్ కాదన్నా, మెల్లగానే వచ్చాడు, పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చూసింది. బ్రేక్ తొక్కలేదు, అంతే. క్లచ్ లేదు కదా, బ్రేక్ మీద కాలు తీస్తే చాలు దానంతట అదే జారుకుంటూ వస్తుంది.

జడ్చర్ల టీచరమ్మ | సోమవారం, సాయంత్రం 5:30

నిన్నటి నుంచి ఒక మాట నా బుర్రలో తిరుగుతోంది. మీ నాయన "అది రోజూ కూస్తది" అన్నారని రాశారు. రోజూ ఎందుకు కూస్తుంది? మీ గేటు తగినంత వెడల్పు ఉందా? ముందర ర్యాంపు ఉందా?

పానగల్లు పోరడు | సోమవారం, రాత్రి 9:45

మేడమ్ మీరు అడిగాక ఇంటికి పోగానే నేనే స్వయంగా బండి పెట్టి చూశా. మా ఇంటి ముందు మోరీ, దాని మీద సిమెంటు ర్యాంపు, నిటారుగా ఉంటుంది, వాన నీళ్లు లోపలికి రావద్దని మేస్త్రీ అప్పట్లో ఎత్తుగా పోశాడు. రోడ్డు మీద నుంచి రివర్స్ తిప్పగానే, ఇంకా పిల్లర్ దగ్గరికి పోకముందే కూత మొదలు. ర్యాంపు మొదలుకు వచ్చేసరికి విడవకుండా టీ... అని ఒకటే. వెనక ఏమీ లేదు! ఆ ఎత్తునే గోడ అనుకుంటోంది. ర్యాంపు ఎక్కాక ఆగుతుంది, మళ్లీ పిల్లర్ దగ్గర అదే కూత.

అంటే నాయన దృష్టిలో ఏడాదిగా రోజుకు రెండుసార్లు ఈ కూత వస్తోంది, ఒక్కసారీ ఏమీ కాలేదు. శుక్రవారం నాడు నిజంగా పిల్లర్ కోసం కూసినా ఆయనకు అది ర్యాంపు కూతే.

నీళ్ల డ్రమ్ము, కర్ర, బకెట్ పెట్టి కూడా చూశా. డ్రమ్మును మీటరుకు పైగా దూరం నుంచే పట్టింది. కర్రను మధ్యలో నిలబెడితే చాలా దగ్గరికి వస్తే గానీ పట్టలేదు, మూలకు జరిపితే అసలు పట్టలేదు.

సొట్టల డాక్టర్ | సోమవారం, రాత్రి 10:10

దొరికింది దొంగ. తమ్మీ, సెన్సర్ మార్చకు, బండి మార్చకు. ర్యాంపు పగలగొట్టి పొడుగ్గా, వాలు తక్కువగా పోయించు. మున్సిపాలిటీ రోడ్డు మీదికి రాకుండా లోపలి పక్కకు జరిపి పోయమను, లేకపోతే అదొక పంచాయితీ. పిల్లర్ ఎడమ అంచుకు పాత టైరు ముక్క కొట్టించు, పిల్లర్‌కూ బంపర్‌కూ మంచిది.

మిర్యాలగూడ లారీ | సోమవారం, రాత్రి 10:22

అబద్ధం చెప్పే క్లీనర్‌ను మేమైతే రెండో ట్రిప్పుకే దించేస్తాం.

గద్వాల గడుసరి | సోమవారం, రాత్రి 10:30

పెద్దాయనను తిట్టకండి తమ్ముడూ. పాపం ఆయన తప్పు ఏముంది.

పానగల్లు పోరడు | మూడు వారాల తర్వాత, శనివారం

అప్‌డేట్. బండి అమ్మలేదు. క్లెయిమ్ వేయలేదు, బంపర్, లైటు, డిక్కీ సొట్ట అన్నీ చేతి నుంచే పెట్టుకున్నా, రంగు వేసేటప్పుడు సెన్సర్లు విప్పించా, దగ్గరే నిలబడి చూసుకున్నా. ర్యాంపు పగలగొట్టించి నాలుగు అడుగులు లోపలికి జరిపి కొత్తగా పోయించాం. పిల్లర్‌కు టైరు ముక్క కూడా పడింది, అమ్మకు మాత్రం నచ్చలేదు, గేటు అందం పోయిందంటోంది.

సిమెంటు ఆరాక ఇవాళే మొదటిసారి నాయన బండి బయటికి తీశాడు. తిరిగి వచ్చి రివర్స్ పెట్టాడు. ర్యాంపు కాడ సెన్సర్ చప్పుడు లేదు. బండి అక్కడే ఆపి, కిందికి దిగి, వెనక్కి పోయి బంపర్ వంగి చూసి, నన్ను కేకేశాడు.

"ఏందిరా, ఇయ్యాళ కూస్తలేదు? చెడగొట్టినవా?"